పాత స్పోర్ట్స్ కారు ఛాసీ: పెట్టెలా మూయాలా, ఎక్స్ మెంబర్ వేయాలా?

విజయవాడ ఆటోనగర్‌లో లారీలు చేసే చేతులకు సి-ఛానెల్ ఛాసీ (సి అక్షరంలా ఒక వైపు తెరిచి ఉండే ఉక్కు దూలాల చట్రం) కొత్త కాదు. కానీ లారీ ఛాసీ కొంత మెలితిరగాలనే అలా ఉంచుతారు. స్పోర్ట్స్ కారుది మెలితిరిగితే, సస్పెన్షన్ ఎంత బాగున్నా మలుపులో బండి మాట వినదు.

ఛానెల్ తెరిచి ఉన్న వైపు ప్లేటు వేసి మూసేస్తే మెలికను తట్టుకునే బలం ఎన్నో రెట్లు పెరుగుతుంది. నా ఓటు దీనికే. అయితే ఏకబిగిన వెల్డింగ్ చేస్తే వేడికి ఛాసీ వంకరపోతుంది. జిగ్‌కు (ఛాసీని కదలకుండా పట్టి ఉంచే చట్రానికి) బిగించి, ఇక్కడో అంగుళం అక్కడో అంగుళం వేస్తూ చల్లారనివ్వాలి. నీళ్లు కారేందుకు రంధ్రాలు వదిలి, లోపల వ్యాక్స్ స్ప్రే చేయించాలి. లోపల పట్టే తుప్పు బయటికి కనబడదు మరి.

ఎక్స్ మెంబర్ అంటే ఛాసీ రెండు పక్కల దూలాల మధ్య ఎక్స్ ఆకారంలో వేసే అడ్డకమ్మీ. దీన్ని వేయడానికి పని తక్కువ. బోల్టులతో బిగిస్తే తర్వాత విప్పుకోవచ్చు. గేర్‌బాక్స్, సైలెన్సర్ గొట్టం పక్కన చోటుంటేనే కుదురుతుంది. అరుదైన కారైతే మాత్రం ఇదే వేయండి, ఒరిజినల్ ఛాసీకి వెల్డింగ్ పెట్టొద్దు.