రెజిన్ పలకపై ఆర్కియోప్టెరిక్స్: ఎముకలు బాగున్నాయి, ఈకలు లేవు

పదవ తరగతి జీవశాస్త్రం చదివిన వారికి ఆర్కియోప్టెరిక్స్ సరీసృపాలకు, పక్షులకు మధ్య సంధాన సేతువుగా గుర్తుంటుంది గానీ, పుస్తకంలోని చిన్న బొమ్మను దాటి దాని ఎముకల అమరికను చూసిన వారు తక్కువ. అందుకే బెర్లిన్ మ్యూజియంలోని శిలాజానికి అసలు పరిమాణంలో పోసిన రెజిన్ నమూనాను ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను.

ఎముకల విషయంలో వంక పెట్టడానికి లేదు. వెనక్కి వంగిన మెడ, దవడలోని చిన్న దంతాలు, రెక్క అంచున విడివిడిగా నిలిచిన, గోళ్లున్న మూడు వేళ్లు, ఇరవైకి పైగా వెన్నుపూసలతో సాగిన పొడవాటి తోక స్పష్టంగా కనిపిస్తాయి. నేటి పక్షులలో తోక ఎముకలు కుదించుకుపోయి చివర ఒకే ఎముకగా కలిసిపోతాయి కాబట్టి, ఈ తోకను కోడి అస్థిపంజరం పక్కన పెట్టి చూపితే పక్షులకున్న డైనోసార్ వారసత్వాన్ని విడిగా వివరించవలసిన అవసరం ఉండదు.

నిరాశపరచినవి ఈకలే. సుమారు 15 కోట్ల సంవత్సరాల క్రితం జర్మనీలోని బవేరియా ప్రాంతపు ఉప్పునీటి మడుగుల అడుగున పేరుకున్న సన్నని సున్నపు బురదలో ఈకల ముద్రలు చెదరకుండా నిలవడమే ఈ శిలాజానికి అంత పేరు తెచ్చింది; దీన్ని జర్మనీలోనే ఉంచడానికి పారిశ్రామికవేత్త వెర్నర్ ఫాన్ సీమెన్స్ డబ్బు సమకూర్చారు. నమూనాలో మాత్రం ఆ గీతలు మందమైన రంగుపూత కింద పూడిపోయాయి. దీపాన్ని పక్కనుంచి ఏటవాలుగా పడేలా పెడితే రెక్కల ఈకలు కొంత తేలుతాయి, కాళ్ల మీది ఈకలు అప్పుడూ కనిపించవు.

వెంట వచ్చిన కరపత్రం ఈ శిలాజం 1861లో దొరికిందని చెబుతోంది. అది లండన్‌లో ఉన్న, పుర్రె చాలావరకు లోపించిన మరో నమూనా సంగతి. తలతో సహా దొరికిన బెర్లిన్ శిలాజం 1870లలో బవేరియాలోని ఐష్టెట్ పట్టణ సమీపాన బయటపడింది. ‘తొలి పక్షి’ అన్న శీర్షికకూ సవరణ కావాలి. అంతకంటే పాతదైన, ఈకలున్న ఆంకియోర్నిస్ అనే పక్షిలాంటి డైనోసార్‌ను చైనా శిలాజాల ఆధారంగా 2009లోనే వర్ణించారు.

ధర ఎక్కువే. గోడకు తగిలించే కొక్కెం లేదు, కాబట్టి స్టాండు విడిగా కొనాలి. ఎముకల పాఠం చెప్పే ఉపాధ్యాయులు దీన్ని నిస్సంకోచంగా కొనవచ్చు, ఈకల కోసమైతే మ్యూజియం ఫొటోను పెద్దదిగా అచ్చు వేయించుకోవడం మేలు.