డిజిటల్ మార్కెటింగ్ ఏజెన్సీకి డబ్బు కట్టే ముందు ఖాతాలు ఎవరి పేరిట ఉన్నాయో చూసుకోండి

గూగుల్‌లో మొదటి స్థానం ఖాయంగా ఇప్పిస్తామని ఎవరైనా హామీ ఇస్తే అక్కడితో మాటలు ఆపేయండి. అలాంటి హామీ ఎవరూ ఇవ్వలేరని గూగుల్ తన మార్గదర్శకాల్లోనే రాసిపెట్టింది. సైటులో చేసిన మార్పులకు ఫలితం కనబడాలంటే చాలా సందర్భాల్లో నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని 2017లో ఒక వీడియోలో కూడా చెప్పింది. మాతో పనిచేసిన ఏజెన్సీ ఆ హామీ ఇవ్వడమే కాదు, నిలబెట్టుకున్నట్టు నెలనెలా రంగురంగుల రిపోర్టులు కూడా పంపింది. దాని పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే పద్ధతిలో డబ్బు గుంజేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ పద్ధతి తెలిస్తే ఎవరి దగ్గరైనా పట్టుకోవచ్చు.

మాది ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు ఇంటికి వెళ్లి బాగుచేసే వ్యాపారం. రిపోర్టులో కీవర్డుల, అంటే జనం గూగుల్‌లో వెతికే మాటల, పట్టిక నిండా ఒకటో ర్యాంకే. వాటిలో సగం మా సంస్థ పేరే, ముందో వెనుకో ఒక మాట తగిలించి రాసినవి. మా పేరు తెలిసి వెతికేవాళ్లకు మేం కనబడటానికి ఏజెన్సీ ఎందుకు? మిగతావి ఏ మనిషీ టైపు చేయని పొడవాటి మాటలు. పోటీయే లేని చోట ఎవరైనా మొదటే వస్తారు. ఒక మాటకు మన సైటు ఎన్నిసార్లు కనబడిందో, ఎందరు క్లిక్ చేశారో గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఉచితంగా చూడవచ్చు. దాని యాక్సెస్ అడిగితే, అది సాంకేతిక విషయం, మేం చూసుకుంటాం అన్నారు. ఏజెన్సీ నోట ఆ మాట వచ్చిందంటే అనుమానించాల్సిందే.

ప్రకటనల సంగతి ఇంకా ఘోరం. పట్టుబట్టి గూగుల్ యాడ్స్ ఖాతా తెరిపించి చూశాను. అందులో సెర్చ్ టర్మ్స్ రిపోర్టు ఉంటుంది, జనం ఏం టైపు చేస్తే మన ప్రకటన కనబడిందో అది చూపిస్తుంది. మా ఖాతాలో వరుసగా ఉన్నవి ఇవి: మెకానిక్ ఉద్యోగాలు, ఫ్రిజ్ రిపేరు కోర్సు, వాషింగ్ మెషిన్ సొంతంగా బాగుచేసుకోవడం ఎలా. వీళ్లలో ఒక్కరూ మమ్మల్ని పిలిచేవాళ్లు కారు, అయినా ప్రతి క్లిక్కుకూ డబ్బు మాదే. ఇలాంటి మాటలను నెగటివ్ కీవర్డులుగా చేరిస్తే వాటికి ప్రకటన రాదు. ఈ పని నేర్చుకునేవాళ్లకు మొదట్లోనే చెప్పే పాఠం ఇది. మా ఖాతాలో ఆ జాబితా పూర్తిగా ఖాళీ. లొకేషన్ సెట్టింగును కూడా గూగుల్ ముందుగా పెట్టి ఇచ్చినట్టే వదిలేశారు. దాంతో మా ప్రాంతంలో ఉన్నవాళ్లకే కాక, ఆ ప్రాంతం గురించి ఆసక్తి చూపిన దూరప్రాంతాల వాళ్లకూ ప్రకటన వెళ్లింది. ఇంటికి వెళ్లి చేసే పనికి వాళ్లతో ఏం ప్రయోజనం?

ఇంత జరుగుతున్నా రిపోర్టులో కన్వర్షన్లు, అంటే ప్రకటన చూసి మనల్ని సంప్రదించినవాళ్ల లెక్క, వందల్లో ఉండేవి, ఫోను మాత్రం మోగేది కాదు. తీరా చూస్తే కాంటాక్ట్ పేజీ తెరుచుకుంటే చాలు, దాన్నే కన్వర్షన్‌గా లెక్కిస్తున్నారు. కాల్ బటన్ నొక్కినవాళ్ల లెక్క గానీ, ఫారం నింపి పంపినవాళ్ల లెక్క గానీ ఎక్కడా లేదు. కన్వర్షన్ అంటే మీరు దేన్ని లెక్కిస్తున్నారు అని మొదటి రోజే అడగండి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.

మాకు తెలియకుండా దొంగ రివ్యూలు కూడా రాయించారు. గూగుల్ వాటిని తీసేసినప్పుడు నిజమైన కస్టమర్లు రాసినవీ కొన్ని పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ర్యాంకు పెంచడానికి వేరే సైట్ల నుంచి డబ్బిచ్చి తెచ్చిన లింకుల సంగతీ ఇంతే. 2012లో ర్యాంకులిచ్చే పద్ధతిలో తెచ్చిన పెంగ్విన్ అనే మార్పుతో గూగుల్ వాటిపై విరుచుకుపడింది. ఇప్పుడు చాలావరకు వాటిని లెక్కలోకే తీసుకోదు, మితిమీరితే సైటు మీదే చర్య తీసుకుంటుంది.

అసలు దెబ్బ ఒప్పందం ముగించుకుంటామని చెప్పాక తగిలింది. మా సైటు చిరునామా, అంటే డొమైన్, వాళ్ల పేరిట రిజిస్టరై ఉంది. గూగుల్ సెర్చ్‌లో, మ్యాప్స్‌లో మా వివరాలు చూపే బిజినెస్ ప్రొఫైల్‌కు ప్రైమరీ ఓనర్ వాళ్లే. ప్రకటనల ఖాతా వాళ్లది కాబట్టి అందులో పోగైన సమాచారమంతా వాళ్ల దగ్గరే ఉండిపోయింది. అన్నీ అప్పగించాలంటే విడిగా రుసుము కట్టమన్నారు. పనివాడికి తాళం చెవి ఇస్తాం గానీ ఇంటి పత్రాలు అతని పేరిట రాసివ్వం కదా!

అందుకే డొమైన్‌ను మీ పేరుతో, మీ ఈమెయిలుతో మీరే కొనండి. బిజినెస్ ప్రొఫైల్‌లో ప్రైమరీ ఓనర్‌గా మీరు ఉండి, ఏజెన్సీని మేనేజర్‌గా చేర్చండి. ప్రకటనల ఖాతా కూడా మీరే తెరవండి. దాన్ని పలువురి ఖాతాలను ఒకేచోట నడిపే తమ మేనేజర్ ఖాతాకు జోడించుకునే వీలు ఏజెన్సీలకు ఉంది, కాబట్టి మీ ఖాతాలో పనిచేయడం కుదరదని చెబితే నమ్మకండి. ఫేస్‌బుక్ పేజీకీ అంతే, వాళ్లను పార్ట్‌నర్‌గా చేర్చుకుంటే సరిపోతుంది.

ఇప్పటికే ఇలాంటివాళ్ల చేతిలో ఉన్నవాళ్లు తొందరపడి గొడవకు దిగకండి. సంబంధాలు బాగున్నప్పుడే ప్రైమరీ ఓనర్ హక్కు మీ పేరిట మార్పించుకోండి, సైటు బ్యాకప్ తీసుకోండి, పాత రిపోర్టులన్నీ డౌన్‌లోడ్ చేసుకోండి. డొమైన్‌ను మరో రిజిస్ట్రార్ (డొమైన్లు అమ్మే సంస్థ) దగ్గరికి మార్చుకోవాలంటే దాని లాక్ తీయించి, బదిలీకి కావాల్సిన రహస్య సంకేతమైన ఆథ్ కోడ్ తీసుకోవాలి. బదిలీ పూర్తయి డొమైన్ మీ ఖాతాలో కనబడిన తర్వాతే ఒప్పందం ముగింపు లేఖ పంపండి.