స్టెల్లేరియంతో ఏడేళ్ళు: ఒక ఉపాధ్యాయుడి అనుభవం

ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం చెబుతున్న నేను ఖగోళ పాఠాల కోసం 2018 నుంచి, ఆకాశాన్ని కంప్యూటర్ తెరమీద చూపించే స్టెల్లేరియం వాడుతున్నాను. ఫ్రాన్స్‌కు చెందిన ఫేబియన్ షెరో మొదలుపెట్టగా ఇప్పుడు స్వచ్ఛంద కార్యకర్తలు పెంచి పోషిస్తున్న ఈ సాఫ్ట్‌వేర్ పూర్తిగా ఉచితం. ఒకసారి ఎక్కించుకుంటే ఇంటర్నెట్ లేకుండానే ఆరు లక్షలకు పైగా నక్షత్రాలను చూపిస్తుంది. నెట్ ఎప్పుడు వస్తుందో తెలియని మా బడికి ఇదే పెద్ద ఊరట.

మొట్టమొదట చేయవలసిన పని మన ఊరి అక్షాంశ రేఖాంశాలు నమోదు చేయడం. తొలి తరగతిలో నేను అది మరిచిపోయాను. తెరమీద పారిస్ ఆకాశం తెరుచుకుంది, ధ్రువ నక్షత్రం 49 డిగ్రీల ఎత్తున కనిపించింది. ఊరు మార్చగానే అది 17 డిగ్రీలకు దిగింది. ధ్రువుడి ఎత్తు మనం ఉన్నచోటి అక్షాంశానికి దాదాపు సమానమని నేను చెప్పకముందే పిల్లలు పట్టేశారు. అందుకని ఇప్పుడు ప్రతి ఏడాదీ కావాలనే పారిస్‌తో మొదలుపెడుతున్నాను.

నా దృష్టిలో దీని అసలు బలం పంచాంగాన్ని పాఠంలోకి తేవడంలో ఉంది. కార్తీక పౌర్ణమి తేదీలను వరుసగా నాలుగైదేళ్ళవి పెట్టి చూపిస్తే, నిండు చంద్రుడు కాస్త అటూ ఇటూగా ప్రతిసారీ కృత్తికల దగ్గరే ఉంటాడు. నెలకు ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. ఆ చుక్కల గుంపును చూసి ఒక అమ్మాయి, 'మా నాయనమ్మ దీన్నే పిల్లలకోడి అంటుంది సార్' అన్నది. ఆ పేరునే గోడ పటంమీద రాయించాను.

సంక్రాంతి పాఠం ఇంతకంటే లోతైనది. జనవరి 14 మధ్యాహ్నానికి కాలాన్ని జరిపి, 'ఎ' మీట నొక్కి వాతావరణాన్ని తీసేస్తే, పట్టపగలే సూర్యుడి వెనక నక్షత్రాలు కనిపిస్తాయి. సూర్యుడు మకరంలో ఉండాలి కదా, ధనుస్సు బొమ్మలో ఉన్నాడేమిటని పిల్లలు తప్పక అడుగుతారు. పంచాంగం రాశులు ఒక్కొక్కటి సరిగ్గా 30 డిగ్రీలనీ, 1930లో ఖగోళ శాస్త్రజ్ఞులు ప్రకటించిన నక్షత్ర మండలాల సరిహద్దులు అసమానమైనవనీ అప్పుడు వివరించవచ్చు. తరువాత డిసెంబరు 22కు వెళ్ళి, సూర్యుడు ఉత్తరానికి తిరిగేది అప్పుడేనని చూపిస్తాను. భూమి అక్షం సుమారు 25,800 ఏళ్ళకొక చుట్టు తిరగడంవల్ల, దాదాపు 1,700 ఏళ్ళ కిందట కలిసి ఉన్న మకర సంక్రమణం, ఉత్తరాయణ ఆరంభం ఇప్పుడు మూడు వారాలకు పైగా ఎడమయ్యాయి. ఈ ముడిని నల్లబల్లమీద విప్పడం నాకెన్నడూ సాధ్యపడలేదు.

స్టెల్లేరియంమీద రెండు శిక్షణ శిబిరాలకు హాజరయ్యాను. మొదటిదానిలో రెండు రోజులూ తెరమీద బొమ్మలే చూపించారు, ఒక్క రాత్రయినా మమ్మల్ని మేడమీదికి తీసుకువెళ్ళలేదు. ఖగోళ శిక్షణ అలా ముగియడం నాకు బాధ కలిగించింది. రెండోచోట కోణమానినికి దారం, దాని చివర నట్టు కట్టి, ధ్రువుడి ఎత్తును మా చేతనే కొలిపించారు. తెరమీది అంకెకు, మా కొలతకు రెండు డిగ్రీల తేడా వచ్చింది. అదెందుకు వచ్చిందన్న చర్చే ఆ శిబిరంలో నేను నేర్చుకున్న ఉత్తమ పాఠం.

మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి నీడ మాయమయ్యే రోజును కూడా స్టెల్లేరియంతోనే లెక్కిస్తాము. హైదరాబాదు అక్షాంశంలో అది మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో వస్తుంది. మేలో సెలవులు, ఆగస్టులో మబ్బులు. ఏడేళ్ళలో బడి ఆవరణలో నిలబెట్టిన స్టీలు గ్లాసు నీడ పూర్తిగా అడుగులోకి కుదించుకోవడం రెండేసార్లు చూడగలిగాము.

లోపాలు లేకపోలేదు. మా ల్యాబులోని పాత కంప్యూటర్లలో కొత్త కూర్పులు తెరుచుకోవు, కాబట్టి పాతదాన్ని దాచుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, తెరమీది పాలపుంత మా ఊరి దీపాల వెలుగులో కనిపించే దానికంటే ఎంతో స్పష్టంగా ఉంటుంది. దాన్ని చూసి బయటికి వచ్చిన పిల్లలు నిరాశపడతారు. కాంతి కాలుష్యం స్థాయిని మన ఊరికి తగినట్టు పెంచుకునే వీలుంది. ఆ సర్దుబాటు చేశాకే పాఠం మొదలుపెట్టమని తోటి ఉపాధ్యాయులను కోరుతున్నాను.