ఎక్స్‌పాట్ ర్యాంకింగులు: పనిలో రోజూ వాడే మనిషి రివ్యూ

మాది రిలొకేషన్ పని. గచ్చిబౌలి, నానక్‌రాంగూడ కంపెనీలకు బయటి దేశాల నుంచి బదిలీ మీద వచ్చేవాళ్లకు, అంటే ఎక్స్‌పాట్‌లకు, ఇల్లు చూపించాలి, పిల్లలకు బడి వెతకాలి, ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో (విదేశీయుల నమోదు ఆఫీసు) రిజిస్ట్రేషన్ చేయించాలి. గ్యాసు, వైఫై, వంటమనిషి, డ్రైవరు అన్నీ కుదిర్చిపెట్టాలి. దీనికి ముందు మేమే కొన్నేళ్లు కువైట్‌లో, సాల్మియాలో ఉండి వచ్చాం. కాబట్టి పరాయి దేశంలో కాపురమనే వ్యవహారాన్ని రెండు వైపుల నుంచీ చూశాను.

"బతకడానికి మంచి దేశాలు, మంచి నగరాలు" అని ఏటా ఎవరో ఒకరు జాబితా వదులుతారు. ఆ రోజు నా ఫోన్లో రెండు గ్రూపులు మోగుతాయి. ఆఫీసు గ్రూపులో హైదరాబాద్ ఎన్నోది అని అడుగుతారు. రాజంపేట చుట్టాల గ్రూపులో కువైట్ ఈసారి కూడా ఆఖరేనా అని నవ్వుకుంటారు. మిక్సీ కొన్నా, బిర్యానీ తిన్నా రివ్యూ రాస్తాం. ఈ రిపోర్టులు చూసి మనుషులు దేశాలే మారుతున్నారు, కంపెనీలు జీతాలు కడుతున్నాయి, అయినా వీటికి రివ్యూ రాసినవాళ్లు నాకు కనబడలేదు. నేను పనిలో వాడేవి మూడు. వాటి సంగతే రాస్తున్నా.

మొదటిది మెర్సర్ అనే కన్సల్టింగ్ కంపెనీ వాళ్ల జీవన నాణ్యత జాబితా. "దేశంలో హైదరాబాదే నంబర్ వన్" అని మన బిల్డర్లు బ్రోషర్ల మీద వేసుకునేది దీన్ని చూసే. 2019 జాబితాలో మొత్తం 231 నగరాలు, వియన్నా మొదటిది, బాగ్దాద్ చివరిది. హైదరాబాద్, పుణే కలిసి 143. బెంగళూరు 149, ఢిల్లీ 162. బ్రోషర్లో "నంబర్ వన్" పెద్దక్షరాల్లో ఉంటుంది, 143 ఎక్కడా కనబడదు. అయినా అబద్ధం ఆడారని అనలేం. మెర్సర్ వాళ్లు న్యూయార్క్‌ను వందగా పెట్టుకుని 39 అంశాలు లెక్కేస్తారు. ఆ లెక్క ఉద్యోగిని పంపే కంపెనీ కోసం, పంపినందుకు అదనంగా ఎంత ఇవ్వాలో తేల్చుకోవడానికి. కొండాపూర్‌లో పుట్టి పెరిగినవాడికి ఊరు ఎలా ఉందన్నది అందులో ప్రశ్నే కాదు.

ఇదే సంస్థ జీవన వ్యయం జాబితా కూడా వేస్తుంది. దాంతో నాకు ఇంటి ఓనర్ల దగ్గర నిత్యం గొడవ. 2023లోనూ 2024లోనూ హైదరాబాద్‌ది 202వ స్థానం. రెండేళ్లూ అన్నిటికన్నా ఖరీదైన నగరం హాంకాంగ్. 202 అనగానే "చాలా చవక ఊరు" అనుకుని విమానం దిగుతారు. కోకాపేటలో మూడు పడగ్గదుల ఫ్లాట్ అద్దె చెప్పగానే నేనేదో కమీషన్ కలిపానన్నట్టు చూస్తారు. ఆ లెక్క కూడా న్యూయార్క్‌తోనే, డాలర్లలోనే. డాలరు ముందు రూపాయి పడితే జాబితాలో హైదరాబాద్ ఇంకా చవకైపోతుంది. అదే ఏడాది మణికొండలో మా అద్దె పెరిగింది, పాలు పెరిగాయి, స్కూలు బస్సు ఫీజు పెరిగింది. మా ఇంటి ఖర్చు ఎక్కుతుంటే ర్యాంకు మాత్రం మేం చవకవాళ్లమయ్యామంటుంది. ఇందులో మోసమేమీ లేదు, డాలర్లలో జీతం వచ్చేవాడికి అది నిజమే. ఓనర్లకూ ఆ సంగతి తెలుసు. అందుకే ఇల్లు చూడటానికి వచ్చేది ఏ దేశపువాళ్లన్నది మొదటి ఫోన్లో చెప్పను. జీవన నాణ్యత జాబితాకు మూడు నక్షత్రాలు, జీవన వ్యయానికి రెండున్నర.

రెండోది ఎకానమిస్ట్ వాళ్ల లివబిలిటీ సూచీ, అంటే ఊరు బతకడానికి ఎంత వీలుగా ఉందన్న లెక్క. 173 నగరాలు. 2022 నుంచి 2024 దాకా వియన్నా మొదట ఉంది, 2025లో కోపెన్‌హాగెన్ వచ్చింది. స్థిరత్వానికి 25 శాతం, సంస్కృతి, పర్యావరణానికి 25, వైద్యానికి 20, మౌలిక వసతులకు 20, చదువుకు 10. అద్దె ఎంతన్నది లెక్కలోనే లేదు. ఇదీ కంపెనీల అవసరం నుంచి పుట్టిందే. కష్టమైన ఊరికి పంపితే ఎంత హార్డ్‌షిప్ అలవెన్స్ ఇవ్వాలో దాన్ని చూసి చెప్పొచ్చు. 80 మార్కులు దాటితే ఏమీ అక్కర్లేదు, 70 నుంచి 80 మధ్య ఉంటే జీతం మీద 5 శాతం, అలా దిగుతూ 50, అంతకన్నా తక్కువైతే 20 శాతం. మన నగరాలు అరవైకి అటూ ఇటూ ఉంటాయి. 2023 జాబితాలో ఢిల్లీ, ముంబై, చెన్నై, అహ్మదాబాద్, బెంగళూరు ఉన్నాయి, హైదరాబాద్ లేదు. ఒక క్లయింటు దాన్ని పట్టుకుని నన్ను నిలదీశాడు: "నా స్నేహితుడికి బెంగళూరు వెళ్లినందుకు కష్టం డబ్బులిచ్చారు, నాకెందుకు ఇవ్వలేదు? ఇక్కడ కష్టం లేదా?" ఆ సాయంత్రం బయోడైవర్సిటీ జంక్షన్ దగ్గర అదే కారులో గంట సేపు ఇరుక్కున్నాం. నేను జవాబు చెప్పే పని లేకపోయింది. రెండు నక్షత్రాలు, అవీ మా ఊరి పేరు లేనందుకు కోపం అణుచుకుని ఇచ్చినవి.

నేను ఎక్కువసేపు చదివేది మూడోదే. మ్యూనిక్‌లోని ఇంటర్‌నేషన్స్ వాళ్ల ఎక్స్‌పాట్ ఇన్‌సైడర్, 2014 నుంచి వస్తోంది. ఇది ఆఫీసులో కూర్చుని వేసిన లెక్క కాదు. ఆయా దేశాల్లో ఉంటున్న బయటివాళ్లనే ఆన్‌లైన్లో అడుగుతారు: వైద్యం ఎలా ఉంది, ఒంటరిగా అనిపిస్తోందా, చేతిలో డబ్బు మిగులుతోందా, ఇల్లు దొరికిందా. ప్రపంచమంతా కలిపి పన్నెండు వేల మంది దాకా జవాబిస్తారు. 2022, 2023లో మెక్సికో మొదట ఉంది, 2024లో పనామా. ఆఖరి స్థానం మాత్రం 2021 నుంచి 2024 దాకా ఏటా కువైట్‌దే.

కువైట్‌లో ఉండి వచ్చినదాన్ని కాబట్టి ఆ పేజీ కింద సంతకం పెట్టమంటే సగం చోట్ల పెట్టేస్తాను. ఎండ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు, 2016 జులైలో మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. స్నేహాల విషయమూ నిజమే. అన్నేళ్లున్నా ఒక్క కువైటీ ఇంట్లో కూర్చుని టీ తాగింది లేదు. మా లోకమంతా మలయాళీలు, మన తెలుగువాళ్లు, ఈజిప్టు టీచర్లు. సేదతీరడానికి మాల్ ఉంది, సముద్రపు ఒడ్డు ఉంది, మళ్లీ మాల్ ఉంది. ఈ మార్కులు ఎవరేసినా న్యాయంగానే వేశారు.

నాకు మింగుడుపడనిది మిగతా సగం. కువైట్ జనాభాలో మూడింట రెండొంతులు బయటివాళ్లే. అందులో అందరికన్నా ఎక్కువ మన దేశస్తులు, పది లక్షల దాకా. ఒక దేశాన్ని జాబితాలోకి ఎక్కించడానికి ఆ సర్వేకు కావలసింది కనీసం 50 జవాబులు. ఆ జవాబులు రాసేది ఎవరు? ల్యాప్‌టాప్ ముందు కూర్చుని "పనికీ జీవితానికీ సమతూకం" అన్న గడిలో ఒకటి నుంచి ఏడు దాకా మార్కు పెట్టే తీరిక ఉన్నవాళ్లు. సాల్మియాలో మా పై అంతస్తు ఇంజనీరు రాస్తాడు. హసావీలో ఒక గదిలో అరడజను మంది సర్దుకునే మేస్త్రీలు రాయరు. శుక్రవారం మాలియాలో బస్సు దిగి, డబ్బు పంపించి, పచ్చళ్లు కొనుక్కుని వెళ్లే మన ఆడవాళ్లు రాయరు.

మా చిన్నమ్మ కూతురు అక్కడే ఖద్దామా, అంటే ఇంటిపనిమనిషి. ఇంటిపనివాళ్లకిచ్చే ఇరవై నంబరు వీసా. కువైట్‌లో ఇంటిపనివాళ్లకు 2016లో పెట్టిన కనీస జీతం నెలకు 60 దినార్లు. తను పాత మనిషి, వంట బాగా చేస్తుంది, 120 ఇస్తారు. దినారు 270 వేసుకున్నా 32,400. తిండీ నివాసం ఇంటివాళ్లవే, ఆదాయపు పన్ను లేదు. గచ్చిబౌలిలో నేను క్లయింట్లకు కుదిర్చే వంటమనిషికి రెండు పూటలకు 15,000, అందులోనే ఆమె అద్దె, ఆటో ఖర్చు, పిల్లాడి ఫీజు. జాబితా వచ్చిన రోజు మా చెల్లికి ఫోన్ చేసి మీ దేశం మళ్లీ ఆఖరంట అన్నాను. "ఆఖరైతే ఏమక్కా, నెల తిరిగేతలికి దుడ్లు వస్తాండాయి గదా. ఆ ముందరుండే దేశమోళ్లు నాకు వీసా ఇస్తారేమో కనుక్కో" అంది. పుల్లంపేటలో ఆమె కట్టిన ఇంటికి స్లాబు పడింది, కూతురు నర్సింగు చదువుతోంది.

దీన్నిబట్టి కువైట్ మహా మంచి దేశమని ఎవరైనా అంటే వాళ్లతో నాకు పేచీయే. మా చెల్లి పాస్‌పోర్టు ఎవరి బీరువాలో ఉంటుందో నాకు తెలుసు. 2024 జూన్ 12న మంగాఫ్‌లో కూలీలుండే భవనం అంటుకుని నలభై మందికి పైగా మనవాళ్లు పోయారు, ఆ వారం మా చుట్టాల గ్రూపులో ఎవరూ జోకులు వేయలేదు. అదే ఏడాది కుటుంబ వీసాలు మళ్లీ తెరిచినప్పుడు పెట్టిన షరతు నెలకు 800 దినార్ల జీతం. అంటే భార్యాబిడ్డలతో ఉండి "ఈ దేశం కుటుంబానికి ఎలా ఉంది" అన్న ప్రశ్నకు జవాబు రాయాలన్నా 800 దినార్లు ఉండాలి. మా చెల్లి రాసినా ఆ ఆఖరి స్థానం మారకపోవచ్చు. కానీ ఎందుకు ఆఖరన్న కారణాల పట్టిక మారిపోతుంది. ఎండా మాలూ కిందికి పోతాయి, కఫీలూ (వీసా ఇప్పించిన యజమాని) అకామా (అక్కడ ఉండటానికి పర్మిట్) పైకొస్తాయి.

మన దేశం కూడా తక్కువ తినలేదు. ఇక్కడ ఉద్యోగ వీసా కావాలంటే, భాషా టీచర్లు, వాళ్ల దేశపు వంటవాళ్లు వంటి కొందరికి తప్ప, ఏడాదికి 16.25 లక్షల జీతం ఉండాలి. హైదరాబాద్ ఆర్థికస్థితి గురించి ఎక్స్‌పాట్లు చెప్పే మాటల్లో చాలావరకు ఆ గీతకు పైనున్నవాళ్ల మాటలే. టోలీచౌకీ పారామౌంట్ కాలనీలో ఉండే సూడాన్, సోమాలియా, యెమెన్ విద్యార్థులు నా క్లయింట్లు కారు, ఏ రిపోర్టుకూ కారు. వాళ్లకు అద్దెకు ఇల్లు దొరకడమే ఒక గండం, విమానాశ్రయంలో పూలగుచ్ఛం పట్టుకుని నిలబడే మనిషి ఎక్కణ్నుంచి వస్తుంది?

నా క్లయింట్లు మార్కులు ఎక్కడ వేస్తారో, ఎక్కడ కోస్తారో ఇన్నాళ్లకు నాకు కంఠస్థం అయింది. పిల్లాడికి జ్వరమొస్తే సాయంత్రానికల్లా పిల్లల డాక్టరును చూపించగలిగారంటే ఇక ఆ ఫ్యామిలీ మన ఊరికి దాసోహం. ఇంగ్లాండు నుంచి వచ్చినామె అయితే నమ్మలేదు, ఇందులో ఏదో మెలిక ఉందని బిల్లు రెండుసార్లు చదివింది. పది నిమిషాల్లో కొత్తిమీర ఇంటికి రావడం, యూపీఐ, షంషాబాద్ ఎయిర్‌పోర్టు, 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు వీటన్నిటికీ మంచి మార్కులు. కోత పడేది ఫుట్‌పాత్ దగ్గర. బిడ్డను స్ట్రోలర్లో పెట్టుకుని కొండాపూర్‌లో నాలుగడుగులు వేసిన ఫ్రెంచ్ ఆవిడ సగం దూరంలో స్ట్రోలర్ ఎత్తుకుని వెనక్కి వచ్చేసింది. ఫుట్‌పాత్ మీద ఒక ట్రాన్స్‌ఫార్మరు, ఒక పానీపూరీ బండి, తర్వాత అసలు ఫుట్‌పాతే లేదు. మెట్రో రాయదుర్గం దగ్గర ఆగిపోతుంది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌కు అక్కణ్నుంచి క్యాబే. ఏప్రిల్ రాగానే నీళ్ల ట్యాంకర్ల వరస. "గేటు లోపల సింగపూర్, గేటు బయట ఏమిటిది?" అని అడుగుతారు. నేను నవ్వి ఊరుకుంటాను. మా ఇల్లు ఆ గేటు బయటే.

ఇన్ని అన్నాక కూడా ఎక్స్‌పాట్ ఇన్‌సైడర్ చదవమనే చెప్తాను, ఉచితం కూడా. మొత్తం ర్యాంకు వదిలేసి లోపలి పట్టికలు చూడాలి. మా చెల్లి వాళ్ల పెద్దాడు ఇక్కడ కూకట్‌పల్లి హాస్టల్లో ఉండి బీటెక్ చేశాడు, జర్మనీలో ఎమ్మెస్ సీటొచ్చింది. ఫీజు లేని చదువని ఇంటిల్లిపాదీ సంబరం. ఇల్లు, ఆఫీసు కాగితాలు, ఇంటర్నెట్ సేవలు, భాష, ఈ నాలుగూ కలిపి చూసే పట్టికలో 2022, 2023, 2024 మూడేళ్లూ జర్మనీ అట్టడుగున ఉంది. కువైట్ కన్నా కింద! ఆ పేజీ ప్రింటు తీయించి వాడి చేతిలో పెట్టాను. ఏడాది ఖర్చులకు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాల్సిన 11,904 యూరోల గురించే వాడు ఆలోచిస్తున్నాడు, అది కువైట్ నుంచి వస్తుంది. గది గురించి ఆలోచించలేదు. అక్టోబరు సెమిస్టరుకు సెప్టెంబరులో వెతుక్కుంటాలే పెద్దమ్మా అన్నాడు. మరుసటి రోజే కూర్చోబెట్టి స్టూడెంట్ హాస్టళ్లన్నిటికీ దరఖాస్తులు పెట్టించాను, ప్రస్తుతం రెండు చోట్ల వెయిటింగ్ లిస్టులో ఉన్నాడు.

ఎక్స్‌పాట్ ఇన్‌సైడర్‌కు మూడున్నర. కువైట్ పేజీ ఒక్కటే అయితే రెండు.