నల్లని చెక్క మీద తెల్ల గీత: చాలాకాలం వాడిన తరువాత

ముదురు రంగు జిట్రేగి (రోజ్‌వుడ్) చెక్క మీద మామూలు నల్ల కార్బన్ గీతను వెతుక్కుంటూ ఉలి పట్టినవారికి నమూనాను తెల్ల గీతలుగా చెక్క మీదికి ఎక్కించే ట్రాన్స్‌ఫర్ కాగితం విలువ వేరే చెప్పనక్కరలేదు. నల్ల గీతైతే దీపాన్ని పక్కకు వంచి, అది ఎక్కడ మెరుస్తుందో చూసుకుని చెక్కాలి. తల కాస్త తిప్పితే అది మళ్లీ చెక్కలో కలిసిపోతుంది. మైనం లేని ఈ తెల్ల కాగితం చేతికి వచ్చాక రాత్రిపూట ట్యూబ్‌లైటు కింద కూడా తామర రేకుల అంచులు దేనికది విడిగా కనిపిస్తున్నాయి. ఈ ఒక్క సుఖం కోసమే నేను దీన్ని ఇంతకాలం వదలలేదు.

ప్యాకెట్టు మీద మాత్రం ఒక మాట అచ్చువేశారు: ఏ ఉపరితలం మీద గీసినా రబ్బరుతో పూర్తిగా చెరిగిపోతుందని. నా కోపమంతా ఆ మాట మీదే.

పూజామందిరం తలుపులకు జంట హంసలు చెక్కాను. హంసల చుట్టూ చదునుగా వదిలిన చోట మిగిలిపోయిన గీతలను మెత్తని రబ్బరుతో తుడిచాను. పొడి చెక్క మీద ఎక్కడా మచ్చ లేదు. ఆ తరువాత లక్క పాలిష్ మొదటి పూత వేశాను. చెక్క ముదురు రంగు తేరింది, దానితోపాటే చారల పొడవునా సన్నని తెల్లని నూగు పైకి తేలింది. జిట్రేగిలో చారల వెంట కంటికి కనిపించేంత పెద్ద రంధ్రాలు ఉంటాయి. కాగితం మీది తెల్లపొడి రబ్బరు రాపిడికి బయటకు రావడం మాని ఆ రంధ్రాల్లోకి దిగబడింది. చెక్క పొడిగా, కాస్త పాలిపోయి ఉన్నంతసేపు అది కనిపించదు. తడి తగిలి చెక్క నల్లబడితే దాక్కోవడానికి చోటు ఉండదు. స్పిరిట్ గుడ్డతో తుడిస్తే లక్క కరిగి, ఆ పొడిని తనలో కలుపుకుని ఇంకా లోపలికి పోయింది. చివరకు పూతంతా తీసి, పూర్తిగా ఆరనిచ్చి, పళ్ల బ్రష్షుతో చార వెంటే గీకాను. చాలావరకు వచ్చింది. హంస మెడ వంపు దగ్గర, ఉలి గాట్ల మధ్య బ్రష్షు దూరని చోట మాత్రం ముదురు రంగు పట్టించి కప్పవలసివచ్చింది. నెలల తరబడి చెక్కిన తలుపు మీద ఆ మరక ఎక్కడుందో నాకు తెలుసు.

అప్పటినుంచి నమూనా ఎక్కించే ముందే చెక్కకు పలచని లక్క పూత ఒకటి వేసి, ఆరాక సన్నని ఉప్పు కాగితంతో తేలికగా రుద్దుతున్నాను. రంధ్రాల నోళ్లు మూసుకుంటాయి కాబట్టి ఇప్పుడు ప్యాకెట్టు చెప్పిన మాట నిజమవుతోంది. కానీ పూత నునుపు వల్ల పొడికి పట్టు తగ్గి, అరచేయి ఆనితే గీత పోతుంది. అందుకే ముఖ్యమైన అంచులను వెంటనే కత్తి మొనతో గాటు పెట్టుకుంటాను. పైన మెచ్చుకున్న స్పష్టత ఆ గాటు పడేవరకే అనుకోవాలి.

అనుకోని మేలు ఒకటుంది. కొత్త కాగితం పొడిని దట్టంగా రాలుస్తుంది, గీత లావుగా పడి చెదురుతుంది. అదే కాగితం పదేపదే వాడి అరిగాక సన్నని, శుభ్రమైన గీత ఇస్తుంది. హంస ఈకల వంటి చిన్న పనికి నేను పాత కాగితాలనే దాచుకుంటాను. దర్జీలు వాడే తెల్ల కార్బన్ చవకే కానీ, మైనం ఉన్న రకమైతే చెక్క మీద వద్దు. మైనం అంటిన చోట పాలిష్ సరిగా పట్టదు. మగ్గం పనివారు ముదురు రంగు బట్టకు చేసినట్టు, చిల్లులు పొడిచిన ట్రేసింగ్ కాగితం మీద కిరోసిన్‌లో కలిపిన తెల్లని జింకు పొడి (జింక్ ఆక్సైడ్) రుద్దే పద్ధతి బట్టకు ఎంతో బాగుంటుంది. చెక్క రంధ్రాలకు మాత్రం అదీ ఇదే చిక్కు తెస్తుంది.

లోహం సంగతి వేరు. నల్లరంగు వేసిన రేకును స్పిరిట్‌తో జిడ్డు లేకుండా తుడిచినా ఈ పొడి నిలబడదు, వేలు తగిలితే చాలు పోతుంది. నల్లని లోహపాత్రల మీద వెండి పొదిగే బిద్రీ పనివారి పద్ధతి నాకు ఎంతో నచ్చుతుంది. జింకు, రాగి కలిపి పోతపోసిన పాత్రను నునుపు చేసి, మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ద్రావణంతో తాత్కాలికంగా నల్లబరుస్తారు. దాని మీద ఉక్కు మొనతో గీస్తే అడుగున ఉన్న లోహం మెరుస్తుంది. గీతే గాటు కాబట్టి చెరిగే ప్రశ్నే లేదు. జింకు పాలు చాలా ఎక్కువగా ఉన్న ఆ మిశ్రమానికే మైలుతుత్తం అలా పనికొస్తుంది. అందుకే నేను ఇత్తడి పలక మీద నల్ల మార్కరు సిరా పూసి, అదే తీరున సూదితో గీస్తున్నాను.

నాది ఎక్కువగా జిట్రేగి, చిన్న పలకలు, లక్క పాలిష్. ఈ పనికి ఈ కాగితాన్ని మళ్లీ కొంటాను, ముందు పూత వేసే ఓపిక ఉన్నంతకాలం. నల్లరంగు వేసిన చెక్క మీద బొమ్మలు వేసేవారికి రంధ్రాలు ఎలాగూ మూసుకునే ఉంటాయి కాబట్టి నాకు ఎదురైన ఇబ్బంది వారికి ఉండకపోవచ్చు. లోహం పని ఎక్కువగా చేసేవారు ఆ డబ్బు మంచి ఉక్కు సూది మీద పెట్టడం మేలు.