ముడతల ఇంజెక్షన్ చేయించుకునే ముందు సీసా చూపించమని అడగండి (విజయనగరం వాళ్ళు తప్పక చదవండి)

సిరిమాను పండగకి చుట్టాలంతా వస్తారు, ఆ వారమే మా అమ్మాయి నిశ్చితార్థం కూడా, కనుబొమల మధ్య గీతలు పోతాయి కదా అని మన ఊళ్ళోనే ఒక పార్లర్‌లో బొటాక్స్ చేయించుకున్నాను. బయట రేటులో సగమే అన్నారు. డాక్టరమ్మ వస్తారన్నారు, వచ్చినావిడ నిజంగా డాక్టరో కాదో నేను అడగలేదు. సిరంజి ముందే నింపి స్టీలు ట్రేలో పెట్టి ఉంది. ఇంజెక్షన్ అయిన పది నిమిషాలకే ఆఫర్‌లో భాగమని చెప్పి ఫేషియల్ కూడా చేసి, నుదురంతా గట్టిగా రుద్దారు.

ఐదో రోజు పొద్దున్న ముగ్గు వేస్తుంటే కుడి కన్ను బరువుగా అనిపించింది, నిద్ర చాల్లేదేమో అనుకున్నాను. సాయంత్రానికి రెప్ప సగం దిగిపోయింది. మర్నాడు విశాఖ వెళ్దామని కాంప్లెక్స్‌కి వెళ్తే, బస్సు బోర్డు చదవడానికి వేలితో రెప్ప ఎత్తి పట్టుకోవాల్సి వచ్చింది.

అక్కడి స్కిన్ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఏ కంపెనీ మందు, ఎన్ని యూనిట్లు?" నా దగ్గర జవాబు లేదు, బిల్లు కూడా లేదు. ఈ మందు నరం నుంచి కండరానికి వెళ్ళే సంకేతాన్ని ఆపుతుందట, అందుకే గీతలు పోతాయి. కానీ చోటు తప్పినా, మోతాదు ఎక్కువైనా, వెంటనే రుద్దినా రెప్పను ఎత్తే కండరం దాకా పాకొచ్చు. దీన్ని వెనక్కి తీసే విరుగుడు లేదు, చుక్కల మందుతో కొంత ఊరట, మిగతాది వారాల తరబడి ఎదురుచూడటమే.

కాబట్టి అక్కలూ, చెల్లెళ్ళూ, మొహమాటపడకండి. సీల్ ఉన్న సీసా మీ ముందే తెరవమనండి. లోపల పొడి ఉంటే దాన్ని సెలైన్‌తో మీ ముందే కలపమనండి. కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ ఫోటో తీసుకోండి, ఎన్ని యూనిట్లు వేశారో రాయించుకోండి. ఒక కంపెనీ యూనిట్ ఇంకో కంపెనీ యూనిట్‌తో సమానం కాదు, అందుకే రెండూ కావాలి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్తీనియా లాంటి కండరాల జబ్బు ఉన్నవాళ్ళు అసలు వద్దు. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతుంటే ముందే చెప్పాలి.

తలనొప్పి, సూది గుచ్చిన చోట కమిలిపోవడం మామూలే, కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. మింగడం కష్టమైనా, మాట ముద్దగా వచ్చినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం పార్లర్‌కి ఫోన్ చేస్తూ కూర్చోవద్దు, వెంటనే 108కి చేయండి. ముఖానికి వేసే మోతాదులో ఇది అరుదే, కానీ గంటల్లోనూ రావచ్చు, కొన్ని వారాల తర్వాతా రావచ్చు. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2009లోనే ఈ రకం మందులన్నిటికీ ఈ హెచ్చరిక తప్పనిసరి చేసింది.

ఇప్పటికి ఏడు వారాలు, రెప్ప చాలావరకు లేచింది. నిశ్చితార్థం ఫోటోలన్నిటిలో నా కుడి కన్ను సగం మూసుకునే ఉంది, అమ్మాయి ఏమీ అనలేదు గానీ నాకే ఏడుపొచ్చింది. ఆ పార్లర్ ముందు ఆఫర్ బోర్డు ఇంకా అలాగే ఉంది. మీలో ఎవరికైనా ఊళ్ళో ఇలాగే జరిగుంటే చెప్పండి, నలుగురం కలిసి వెళ్ళి ఆ సీసా ఎక్కడిదో అడుగుదాం.