మీ పాస్‌వర్డ్‌ని మీకే మెయిల్ చేసే షాపులతో జాగ్రత్త!

ఆన్‌లైన్‌లో చీరలు కొనే అక్కలూ చెల్లెళ్ళూ, రెండు నిమిషాలు ఇది చదవండి ప్లీజ్.

శ్రావణమాసం ముందు ఒక చిన్న ఆన్‌లైన్ షాపులో మంగళగిరి కాటన్ చీర కొన్నా. చీర బాగానే వచ్చింది, దాంతో పేచీ లేదు. దసరాకి ఇంకోటి తీసుకుందామని లాగిన్ అవ్వబోతే పాస్‌వర్డ్‌లో మొదటి అక్షరం క్యాపిటలో కాదో గుర్తులేక రెండుసార్లు తప్పు కొట్టి, సరే అని ఫర్‌గాట్ పాస్‌వర్డ్ నొక్కా. వెంటనే మెయిల్ వచ్చింది, అందులో నా పాస్‌వర్డే అక్షరం పొల్లుపోకుండా రాసి ఉంది! పని తేలికైందని సంతోషపడ్డా అప్పుడు.

కార్తీకమాసంలో ఒకరోజు పొద్దున లేచి చూస్తే నేను రోజూ వాడే వేరే షాపింగ్ యాప్‌లో గిఫ్ట్ కార్డు బ్యాలెన్స్ 4,200 ఖాళీ. మా అమ్మాయి పుట్టినరోజుకని నెలనెలా వేసుకున్న డబ్బులు. ఓటీపీ ఏదీ రాలేదు. రెండుచోట్లా నాది ఒకటే పాస్‌వర్డ్, పాప పేరు, పక్కన పుట్టిన సంవత్సరం.

మా తోడికోడలి కొడుకు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాడు, వాడికి ఆ మెయిల్ చూపిస్తే, "పెద్దమ్మా, సరైన సైటు ఏదైనా పాస్‌వర్డ్‌ని ఉన్నదున్నట్టు దాచదు, వెనక్కి తిప్పలేనట్టు మార్చి దాస్తుంది, దాన్ని హ్యాష్ అంటారు, అందుకే వాళ్ళు కొత్తది పెట్టుకోమని లింకు పంపగలరు గానీ పాతది చెప్పలేరు" అన్నాడు. ఇలా ఉన్నదున్నట్టు దాచిన రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి 2009లో 3 కోట్లకు పైగా పాస్‌వర్డ్‌లు బయటికొచ్చాయట, అందులో అన్నిటికంటే ఎక్కువసార్లు కనిపించింది 123456. దొంగలు ఇలా ఒకచోట దొరికిన మెయిలూ పాస్‌వర్డూ పట్టుకుని ప్రోగ్రాముతో మిగతా సైట్లన్నిట్లో వరసగా కొట్టి చూస్తారు. నాది ఆ చీరల షాపు నుంచే పోయిందని నేను రుజువు చెయ్యలేను, కానీ ఆ మెయిల్ చూశాక వాళ్ళని నమ్మలేను. అసలు నా పాస్‌వర్డ్ లీక్ అవ్వకపోయినా కనుక్కోవచ్చు, పాప పేరు ఫేస్‌బుక్‌లో ఉంది, పుట్టిన సంవత్సరమంటే 1950 నుంచి లెక్కేసినా 80 లోపే కదా.

ఇప్పుడు ఏ సైటుకి ఆ సైటుకి వేరే పాస్‌వర్డ్, ఫోన్‌లో పాస్‌వర్డ్ మేనేజరే తయారుచేసి గుర్తుపెట్టుకుంటుంది. మెయిల్‌ది మాత్రం నేనే గుర్తుంచుకోవాలి కాబట్టి ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు తెలుగు మాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కలిపి పెట్టుకున్నా, గోంగూర, తాళంచెవి, మబ్బు, ఇస్త్రీపెట్టె, ఇలాగన్నమాట (ఇదే పెట్టుకోకండి, ఇక్కడ రాసేశా కదా). @, # లాంటి ఏ గుర్తులు పెట్టామన్నదానికంటే పొడవే ముఖ్యం. సామెతలు, పాటల పల్లవులు వద్దు, అవి అందరికీ తెలిసినవే. టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ కొట్టాక ఫోన్‌లో వచ్చే కోడ్ లాంటిది ఇంకోటి కూడా అడగడం) కూడా ఆన్ చెయ్యండి, ముందు మెయిల్‌కి, ఎందుకంటే మెయిల్ చేతిలో ఉంటే మిగతా అకౌంట్ల పాస్‌వర్డ్‌లన్నీ అక్కడ్నుంచే మార్చెయ్యొచ్చు.

మీకూ డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, నేను కస్టమర్ కేర్ చుట్టూ తిరిగి రెండ్రోజులు పోగొట్టుకున్నా. చీరల షాపుకి నా అకౌంట్ తీసెయ్యమని మెయిల్ పెట్టా, ఇంకా జవాబు లేదు, వస్తే ఇక్కడే రాస్తా.